సూర్యాపేట తండ్రి ప్రశ్నకు సమాధానం: ఇంజినీరింగ్ కళాశాలను ఏ ఆధారాలతో ఎంచుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. సూర్యాపేట దగ్గరి పల్లె, అమ్మాయికి టీజీ ఈఏపీసెట్‌లో 31 వేల పైచిలుకు ర్యాంకు, బీసీ-డి. హైదరాబాద్ శివార్లలో అయిదారేళ్ల కిందట మొదలైన కళాశాలలో సీఎస్‌ఈ (ఏఐ అండ్ ఎంఎల్, అంటే కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్ ప్రధానమైన కంప్యూటర్ సైన్స్), పాతికేళ్లుగా నడుస్తున్న మరో కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్), బంధువు ఒకాయన "మాట్లాడి ఇప్పిస్తాను" అంటున్న పేరున్న కళాశాలలో మేనేజ్‌మెంట్ కోటా సీఎస్‌ఈ మీ ముందున్నాయి. వీటిలో ఏది మంచిదని అడిగారు. నేను చాలా ఏళ్లు ఒక అనుబంధ కళాశాలలో ఈసీఈ పాఠాలు చెప్పాను, కౌన్సెలింగ్ రోజుల్లో ధ్రువపత్రాల పరిశీలన కేంద్రంలో కూర్చొని వందల కుటుంబాలతో మాట్లాడాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడోదాన్ని వదిలేయండి. మొదటి రెండింటిలో నేను పాత కళాశాలలోని ఈసీఈ వైపే మొగ్గుతాను, కాకపోతే ఆ కళాశాల కింద చెప్పబోయే పరిశీలనలో నెగ్గితేనే. పాతికేళ్ల నుంచి ఉన్నంత మాత్రాన మంచిదైపోదు, పాతికేళ్లుగా అధ్వానంగా నడుస్తున్నవీ మన దగ్గర లేకపోలేదు.

కళాశాల గురించి రెండు రకాల లెక్కలు బయట దొరుకుతాయి. ఒకటి తల్లిదండ్రుల కోసం రహదారుల పక్కన ఫ్లెక్సీల మీద, రంగుల బ్రోచర్లలో వేసేది. రెండోది ఆ కళాశాలే సంతకం పెట్టి కేంద్ర ప్రభుత్వ సంస్థలకు పంపేది. రెండోది కూడా కళాశాల ఎవరికీ తెలియకుండా దాచిపెట్టుకునేదేమీ కాదు, వెబ్‌సైటులో ఉంచి తీరాలి. అయినా దాన్ని తెరిచి చూసే తల్లిదండ్రులు చాలా తక్కువ. ముందుగా ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రాన్ని తీయండి. 2016 నుంచి కేంద్రం ఏటా ఇస్తున్న ర్యాంకింగు ఇది. అందులో పాల్గొన్న ప్రతి కళాశాలా తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైటులో పీడీఎఫ్‌గా పెట్టాలి. ర్యాంకు వచ్చిందా లేదా అన్నది మీకు పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఆ మార్కుల్లో 30 శాతం పరిశోధనకే పోతుంది, మీ అమ్మాయి చేరబోయే బీటెక్ తరగతి గదికీ దానికీ సంబంధం స్వల్పం. మీకు కావలసింది ఆ పత్రంలో ఉద్యోగాలు, ఉన్నత విద్య అనే శీర్షిక కింద ఉండే పట్టిక.

ఆ పట్టికలో ఒక్కో సంవత్సరానికి ఒక్కో వరుస ఉంటుంది. మొదటి ఏడాదికి మంజూరైన సీట్లు, అందులో చేరినవారు, డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా రెండో ఏడాదిలో చేరినవారు, నిర్ణీత నాలుగేళ్లలో పట్టా పొందినవారు, వారిలో ఉద్యోగం వచ్చినవారు, వారి జీతాల మధ్యగతం, పై చదువులకు వెళ్లినవారు అన్న గడులు వరుసగా కనిపిస్తాయి. చదివే పద్ధతి తెలియడం కోసం ఊహించిన అంకెలతో ఒక వరుస చెబుతాను. సీట్లు 420, చేరినవారు 405, ఈసెట్ ద్వారా వచ్చినవారు 60, సకాలంలో పట్టా పొందినవారు 290, ఉద్యోగం వచ్చినవారు 170, జీతం మధ్యగతం ఏడాదికి 3 లక్షల 60 వేలు. అంటే మొత్తం 465 మంది ఆ గుమ్మంలో అడుగుపెడితే నాలుగేళ్లకు బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) లేకుండా బయటపడింది 62 శాతం, ఉద్యోగంతో బయటపడింది 37 శాతం. అదే కళాశాల బ్రోచరులో "95 శాతం ప్లేస్‌మెంట్లు" అని ఉండవచ్చు, అది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు కూడా. ఎలాగంటే, పదో తరగతి నుంచి బీటెక్ దాకా అన్నింట్లో 60 శాతం దాటి, బ్యాక్‌లాగు ఒక్కటీ లేక, శిక్షణకు పేరు నమోదు చేసుకున్నవారిని మాత్రమే "అర్హులు"గా లెక్కించి, వారిలో ఎందరికి వచ్చిందో చెబుతారు. ఒకే విద్యార్థికి మూడు సంస్థల నుంచి పిలుపు వస్తే దాన్ని మూడు ఉద్యోగాలుగా వేసే అలవాటూ ఉంది.

మధ్యగతం మీ అమ్మాయి పదో తరగతి గణితంలో చదివినదే. జీతాలను వరుసగా పేర్చితే నడిమధ్యన నిలబడ్డ విద్యార్థి జీతం అది. ఫ్లెక్సీ మీద ఉండే 44 లక్షల ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. ఆ విద్యార్థి ఆ కళాశాలలో కాక మరెక్కడ చదివినా బహుశా అంతటివాడే అయ్యేవాడు. మీ అమ్మాయికి ఏమి జరిగే అవకాశం ఎక్కువో చెప్పేది మధ్యగతమే. మూడు సంవత్సరాల వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ఏడాది పడిపోతే దేశమంతటా నియామకాలు మందగించి ఉండవచ్చు. మూడేళ్లూ సకాలంలో పాసైనవారి సంఖ్య సగం చుట్టూనే తిరుగుతుంటే ఆ లోపం కళాశాలదే. ఈ పట్టిక మొత్తం కళాశాలకు ఒకటే ఉంటుంది కనుక, ఈసీఈ వరకు ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో విడిగా అడగాలి. చెప్పడానికి తటపటాయిస్తే అదే మీకు జవాబు.

అదే పీడీఎఫ్ చివర అధ్యాపకుల జాబితా ఉంటుంది. నేను ఏ కళాశాలనైనా అంచనా కట్టడానికి మొదట చూసేది దాన్నే. ప్రతి పేరుకూ ఎదురుగా అర్హత, నెలల్లో అనుభవం, చేరిన తేదీ ఉంటాయి. చేరిన తేదీల గడిని పైనుంచి కిందికి ఒకసారి చూడండి. సగానికి పైగా పేర్లు గత ఏడాదిలోపే చేరినవైతే, అక్కడ జీతాలు సరిగా అందడం లేదని అయినా అనుకోవాలి, తనిఖీ బృందం వచ్చే ముందు జాబితా నింపారని అయినా అనుకోవాలి. సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. 60 మంది ఉండే ఒక సెక్షనుకు నాలుగేళ్లకు కలిపి 240 మంది, అంటే పన్నెండు మంది అధ్యాపకులు. మీరు చెప్పిన కొత్త కళాశాలలో సీఎస్‌ఈ, దాని అనుబంధ శాఖలు కలిపి ఏడాదికి పది సెక్షన్లు ఉంటే, కేవలం వాటికే 120 మంది కావాలి. జాబితాలో లెక్కపెట్టడానికి మీ అమ్మాయికి అరగంట చాలు. ఆ లెక్కకు ఇంకో మాట కలుపుతాను. కాగితం మీద ఉండి తరగతిలో కనిపించని అధ్యాపకుల సమస్య మన దగ్గర ఎంత ముదిరిందంటే, జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) బయోమెట్రిక్ హాజరును తప్పనిసరి చేయవలసి వచ్చింది. అందుకే జాబితాతో ఆగకుండా కళాశాలకు వెళ్లాలి.

వెళ్లేది పనిదినాన, తరగతులు నడిచే వేళ. ప్రవేశాల కోసం పెట్టే ఓపెన్ హౌస్ రోజున వెళితే ఆడిటోరియమూ ఏసీ సెమినార్ హాలూ చూపించి కాఫీ ఇచ్చి పంపిస్తారు. మీరు మాత్రం విభాగం నోటీసు బోర్డు దగ్గరకు వెళ్లి కాలపట్టికను ఫోనులో ఫొటో తీసుకోండి. అందులో ఒక్కో సబ్జెక్టు పక్కన అధ్యాపకుడి పేరు ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ పేర్లను ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలోని పేర్లతో పోల్చండి. రెండుచోట్లా ఉన్నవారు ఎక్కువగా ఉంటే నిశ్చింత. ఆ తరువాత ప్రయోగశాల. ఈసీఈ అయితే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల ల్యాబుకు వెళ్లి ఒక బల్ల దగ్గర ఎందరు నిలబడ్డారో గమనించండి. ఇద్దరు ముగ్గురు ఒక బ్రెడ్‌బోర్డు చుట్టూ ఉండి వారిలో ఒకరు చేస్తూ ఒకరు రీడింగులు రాసుకుంటుంటే అది పనిచేసే ల్యాబు. ఏడెనిమిది మంది గుమికూడి, సీఆర్‌ఓల (విద్యుత్ తరంగాలను తెర మీద చూపే పరికరాల) మీద కప్పిన గుడ్డ అలాగే ఉండి, అందరి రికార్డు పుస్తకాల్లో ఒకే రీడింగులు కనిపిస్తే, అక్కడ జరుగుతున్నది నకలు రాయడమే. కొత్త కళాశాల కంప్యూటర్ ల్యాబుకు వెళితే, ఒక బ్యాచ్ విద్యార్థుల సంఖ్యకు సరిపడా యంత్రాలు ఆన్ అయి ఉన్నాయా అన్నది చూస్తే చాలు.

విద్యార్థులతో మాట్లాడాలి, అయితే ప్రిన్సిపాల్ గదిలో పరిచయం చేసిన వారితో కాదు. గేటు బయట టీ కొట్టు దగ్గర, బస్సు ఆగే చోట మూడో సంవత్సరం వాళ్లు దొరుకుతారు. "కళాశాల బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. పోయిన సెమిస్టరులో మీ సెక్షనులో అన్ని సబ్జెక్టులూ పాసైనవారు ఎందరు, సెమిస్టరు మధ్యలో మానేసి వెళ్లిన సారు ఎవరైనా ఉన్నారా, సీఆర్‌టీ (ప్రాంగణ నియామకాల శిక్షణ) పేరుతో విడిగా ఎంత కట్టించుకున్నారు, ఈసీఈ వాళ్లను కూర్చోనిచ్చిన కంపెనీలు ఏవి అని అడగండి. ఆడపిల్లలు దొరికితే వసతిగృహం గురించి, చివరి బస్సు వేళ గురించి మీ అమ్మాయినే అడగమనండి. ఆ విషయాలు మీకన్నా తనకే సరిగా చెబుతారు.

గుర్తింపుల విషయంలో చాలామంది పొరబడేది ఒక్క చోటే. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ ఇచ్చే గ్రేడు కళాశాల మొత్తానికి. సాంకేతిక కోర్సులను పరిశీలించే ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో శాఖకు విడివిడిగా, నిర్ణీత కాలానికి ఇచ్చేది. గేటు మీద "ఎన్‌బీఏ గుర్తింపు పొందినది" అని రాసుకున్న కళాశాలలో మెకానికల్‌కూ సివిల్‌కూ ఉండి, మీరు చేరబోయే శాఖకు లేకపోవచ్చు, లేదా గడువు ఎప్పుడో తీరి ఉండవచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైటులో కళాశాల పేరు కొట్టి శాఖ, చెల్లుబాటు తేదీ చూడండి. ఏఐ అండ్ ఎంఎల్ వంటి శాఖలు మన దగ్గర 2020-21లో మొదలయ్యాయి, కనీసం రెండు బ్యాచ్‌లు పట్టా పుచ్చుకున్న తరువాత గాని ఎన్‌బీఏకు దరఖాస్తు చేసే వీలుండదు. కాబట్టి అయిదారేళ్ల కళాశాలలోని ఆ శాఖకు గుర్తింపు లేకపోవడం తప్పేమీ కాదు, కానీ బయటివారెవరూ ఇంకా దాన్ని తూచి చూడలేదని మీరు తెలుసుకొని చేరాలి. స్వయంప్రతిపత్తి, అంటే అటానమస్ అన్న హోదా, సిలబసూ ప్రశ్నపత్రమూ కళాశాలే తయారుచేసుకుంటుందని చెబుతుంది. మంచిచోట అది వరం, మరోచోట మార్కులు ఉదారంగా పంచిపెట్టే వెసులుబాటు. పట్టా మాత్రం అనుబంధ విశ్వవిద్యాలయమే ఇస్తుంది.

ఇక శాఖ. సీఎస్‌ఈ అయితేనే ఉద్యోగం అన్న మాట ఊళ్లో ఎంత గట్టిగా నాటుకుందో నాకు తెలుసు. సివిల్, మెకానికల్ సీట్లు వదులుకొని వాటి స్థానంలో కంప్యూటర్ సెక్షన్లు పెంచుకున్న కళాశాలలు ఎన్నో ఉన్నాయి, వాటికి అధ్యాపకులు మాత్రం అదే వేగంతో పెరగలేదు. టీసీఎస్, ఇన్ఫోసిస్, కాగ్నిజెంట్ వంటి పెద్ద సేవా సంస్థలు కొత్తవారిని తీసుకునేటప్పుడు ఈసీఈ విద్యార్థులనూ పరీక్షకు కూర్చోనిస్తాయి. కోడింగు రాకపోతే సీఎస్‌ఈ విద్యార్థినీ తీసుకోవు. ఏఐ అండ్ ఎంఎల్ శాఖలో తొలి రెండేళ్ల పాఠాలు దాదాపు సీఎస్‌ఈవే. ఆ శాఖ పేరులో ఉన్న మెషిన్ లెర్నింగ్ అర్థం కావాలంటే లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత గట్టిగా రావాలి, దాన్ని చెప్పగలిగినవారు ఆ కళాశాలలో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. ఈసీఈకి అదనంగా ఇంకో ద్వారం ఉంది. చిప్ డిజైన్ చేసే క్వాల్‌కామ్, ఏఎండీ వంటి సంస్థలకు హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి. అక్కడికి అందరూ చేరుకుంటారని చెప్పను, ఫిజిక్సు ఇష్టం లేని పిల్లకు ఈసీఈలోని సిగ్నల్స్, విద్యుదయస్కాంత క్షేత్రాల సబ్జెక్టులు నాలుగు సెమిస్టర్ల పాటు గుదిబండ అవుతాయి. అందుకే మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్సులో ఏ పాఠాలు ఇష్టంగా చదివిందో అడగండి. విద్యుత్తు, అర్ధవాహకాల పాఠాలే తలనొప్పిగా తోచి ఉంటే, నా మొగ్గును పక్కన పెట్టి మంచి పట్టిక ఉన్న మరో కళాశాలలో సీఎస్‌ఈ వెతకండి.

మీరు రాసిన మూడింటికి నేను ఇంకొకటి కలుపుతాను. విశ్వవిద్యాలయాల సొంత కళాశాలలూ ఉన్నాయి, వాటిలో పాలేరు, నల్లగొండ మీకు దగ్గర. జేఎన్‌టీయూహెచ్‌కు పాలేరులో, మంథనిలో, సుల్తాన్‌పూర్‌లో కళాశాలలున్నాయి, నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. కొన్నిచోట్ల ఖాళీ పోస్టులు కాంట్రాక్టు అధ్యాపకులతో నడుస్తున్నాయి, కంపెనీలు హైదరాబాద్ కళాశాలలకు వెళ్లినంత సులువుగా అక్కడికి వెళ్లవు. అయినా ఖర్చు తక్కువ, పరీక్షలు ఖచ్చితం. ఎంటెక్ ప్రవేశాలకు పనికొచ్చే గేట్ పరీక్ష రాయాలన్న ఆలోచన ఉన్న విద్యార్థికి అవి శివారు కళాశాలకన్నా మేలని నా నమ్మకం. అక్కడికీ ఒకసారి వెళ్లి రండి.

డబ్బు లెక్క స్పష్టంగా వేసుకోవాలి. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, చేరిన బీసీ విద్యార్థికి, కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. ర్యాంకు 10 వేల లోపైతే పూర్తి ఫీజు, ఆపైన గరిష్ఠంగా 35 వేలు. అంటే ఏడాదికి లక్ష రూపాయల ఫీజు ఉన్న కళాశాలలో మీ చేతి నుంచి ఏటా 65 వేలు, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు, దానికి తోడు బస్సు లేదా వసతిగృహం, పరీక్ష ఫీజులు, సీఆర్‌టీ. ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు ఆలస్యమైతే ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తామనే కళాశాలలున్నాయి. ఈ విషయంలో వారి పద్ధతి ఏమిటో సీనియర్లను అడగండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఈ రీయింబర్స్‌మెంట్ ఒక్క రూపాయి కూడా రాదు. నిర్ణయించిన ఫీజుకు పైన బంధువు చేతి మీదుగా ఇచ్చే మొత్తానికి రసీదు ఉండదు, ఇలా అదనంగా వసూలు చేసే క్యాపిటేషన్ ఫీజును 1983 నాటి చట్టమే నిషేధించింది. రేపు ఏదైనా తేడా వస్తే మీరు అడగడానికి ఆధారం కూడా మిగలదు. పొలం మీద అప్పు తెచ్చి అలాంటి సీటు కొనవద్దు. ఆ డబ్బుతో మీ అమ్మాయి కన్వీనర్ సీటులో నాలుగేళ్లూ ఇబ్బంది లేకుండా చదువుకోగలదు.

వెబ్ ఆప్షన్ల గురించి మీరు అడగలేదు, కానీ ఇంత కష్టపడి ఎంచుకున్నది చేజారేది అక్కడే. గత ఏడాది చివరి ర్యాంకుల జాబితా కౌన్సెలింగ్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. అందులో బీసీ-డి బాలికల గడిని చూడండి, ఓసీ గడిని చూసి భయపడవద్దు. ఆ ర్యాంకులు ఏటా అటూ ఇటూ మారుతాయి. ప్రవేశాల నిబంధనలు కూడా మారాయి. 2025-26 నుంచి స్థానికేతర 15 శాతం సీట్ల నియమం మారింది, ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చింది. అందువల్ల పాత ర్యాంకును దిక్కు తెలియడానికి వాడుకోండి, హద్దుగా కాదు. ఆప్షన్లు మీకు ఇష్టమైన వరుసలోనే పెట్టాలి. "పెద్ద కళాశాల ముందు పెడితే చిన్నది కూడా పోతుందేమో" అన్న భయం నేను పరిశీలన కేంద్రంలో ప్రతి ఏడూ విన్నాను. అలా జరగదు. మీ వరుసలో పైనుంచి చూస్తూ మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటును కంప్యూటర్ కేటాయిస్తుంది, పైన పెట్టినది రాకపోతే కిందిదానికి మీ అవకాశం తగ్గదు. చేరబోని కళాశాలను మాత్రం జాబితా పొడవు కోసం చేర్చవద్దు.

ముందు కాగితం మీద కళాశాల కోడు, శాఖ కోడు రాసుకొని వరుస ఖాయం చేసుకోండి, ఆ తరువాతే కంప్యూటర్ ముందు కూర్చోండి. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లవలసి వస్తే అమ్మాయి కూడా వెంట ఉండాలి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ఏ కళాశాల తరఫునో విద్యార్థులను చేర్పించే కమీషనుదారులు ఆ కౌంటర్ల వెనుక కూర్చునే సందర్భాలు ఉన్నాయి. సేవ్ చేసిన ఆప్షన్ల ప్రింటు తీసుకొని కాగితంతో పోల్చి చూసుకోండి.

మొదటి విడతలో సీటు వచ్చాక ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు వెబ్‌సైటులో నమోదు) చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. చేసిన తరువాత రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు ఇస్తే, వచ్చినదానికన్నా మీకు నిజంగా మెరుగనిపించేవి మాత్రమే ఇవ్వండి. ఎందుకంటే కొత్త సీటు ఖరారైన క్షణాన పాతది మరొకరికి వెళ్లిపోతుంది, వెనక్కి అడిగినా రాదు. కళాశాలలో చేరేటప్పుడు మూల ధ్రువపత్రాలు చూపించి నకళ్లు ఇవ్వండి. మూలాలను కళాశాలలు తమ వద్ద అట్టిపెట్టుకోకూడదన్నది ఏఐసీటీఈ నిబంధన. మూలాలు కావాలని ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పి, అడుగుతున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వమనండి.